సాకెట్ నల్లబడిందా? మార్చే ముందు ఇది చదవండి

అద్దె గదుల్లో ఉండేవాళ్ల వంటగది గట్టు మీద ఒకసారి చూపు తిప్పండి. ఇండక్షన్ స్టవ్, కెటిల్, ఈ మధ్య కొత్తగా ఎయిర్ ఫ్రయర్. వెనక గోడకి మాత్రం ఒకే ఒక్క చిన్న సాకెట్. లావు పిన్నుల ప్లగ్గు అందులో పట్టదు కాబట్టి మధ్యలో ఒక తెల్లటి కన్వర్షన్ ప్లగ్గు. ఏ కిరాణా కొట్టులో అడిగినా ఇస్తారు. పెడితే పని అయిపోతుంది. స్టవ్ వెలుగుతుంది, మ్యాగీ ఉడుకుతుంది.

కొన్నాళ్లకి సాకెట్ రంధ్రం చుట్టూ పసుపు రంగు మరక వస్తుంది. తర్వాత అది గోధుమ రంగవుతుంది, ఆ తర్వాత నలుపు. ప్లగ్గు తీస్తే వేలికి వేడి తగులుతుంది. ఒక్కోసారి గదిలో ఎండుచేపల వాసన లాంటిది వస్తుంది. చాలామంది పక్క ఫ్లాట్‌లో వంట అనుకుంటారు. కాదు, అది సాకెట్ ప్లాస్టిక్ వేడెక్కిన వాసన కావచ్చు.

ఈ వారం కాలమ్ ఆ నల్లబడిన సాకెట్ గురించే. దాన్ని సొంతంగా మార్చుకోవచ్చా? మార్చుకుంటే ఎలా? ఎక్కడ ఆగిపోయి ఎలక్ట్రీషియన్‌ని పిలవాలి? ఈ మూడో ప్రశ్నే అన్నింటికన్నా ముఖ్యం.

ఆరు, పదహారు: ఈ లెక్క ముందు రావాలి

మన ఇళ్లలో సాకెట్లు రెండు రకాలు. చిన్నది 6 ఆంప్స్, పెద్దది 16 ఆంప్స్. పాత బోర్డుల మీద 5, 15 అని రాసి ఉంటుంది. చిన్నదాన్ని మనం ప్లగ్ పాయింట్ అంటాం, పెద్దదాన్ని పవర్ పాయింట్ అంటాం. మన దగ్గర సింగిల్ ఫేజ్ సప్లై 230 వోల్టులు. వస్తువు మీద రాసి ఉన్న వాట్లని 230తో భాగిస్తే అది లాగే కరెంటు తెలిసిపోతుంది. ఫోన్‌లో కాలిక్యులేటర్ చాలు.

లాప్‌టాప్ ఛార్జర్ 65 వాట్లు అయితే 0.3 ఆంప్స్. 750 వాట్ల మిక్సీ 3.3 ఆంప్స్. 1000 వాట్ల ఇస్త్రీ పెట్టె 4.3 ఆంప్స్. ఇంతవరకు చిన్న సాకెట్ మోస్తుంది. 1500 వాట్ల కెటిల్ అయితే 6.5 ఆంప్స్, అంటే గీత దాటేసింది. 2000 వాట్ల ఇండక్షన్ స్టవ్ 8.7 ఆంప్స్. 3000 వాట్ల గీజర్ 13 ఆంప్స్. మొత్తంగా 6 ఆంప్స్ సాకెట్ హద్దు 1380 వాట్లు, 16 ఆంప్స్ సాకెట్ హద్దు 3680 వాట్లు. ఈ రెండు అంకెలు గుర్తుంటే చాలు.

కంపెనీ వాడు ప్లగ్గు పిన్నులు లావుగా చేసింది మనల్ని ఇబ్బంది పెట్టడానికి కాదు. "ఈ వస్తువుని చిన్న సాకెట్లో పెట్టొద్దు" అని చెప్పడానికి. కన్వర్షన్ ప్లగ్గు ఆకారాన్ని మారుస్తుంది గానీ కరెంటుని తగ్గించదు. ఎక్స్‌టెన్షన్ బోర్డు కథ కూడా ఇంతే. దానికి నాలుగు సాకెట్లు ఉన్నాయని నాలుగు రెట్లు మోయదు. దాని సొంత ప్లగ్గు 6 ఆంప్స్ అయితే, నాలుగింటిలో పెట్టినవన్నీ కలిపి 6 ఆంప్స్ లోపే ఉండాలి.

ఎంసీబీ పడలేదు కదా, ఎందుకు కాలింది?

ఇది అందరికీ వచ్చే అనుమానం. జవాబు తెలియాలంటే ఇంటర్‌లో చదివిన ఒక్క సూత్రం చాలు. పుట్టే వేడి అంటే కరెంటు వర్గం ఇంటు నిరోధం. సాకెట్ లోపలి స్క్రూ కొంచెం వదులైందనుకుందాం. లేదా పిన్నుని పట్టుకునే ఇత్తడి రేకు సాగిపోయిందనుకుందాం. ఆ ఒక్క చోట నిరోధం 0.3 ఓమ్ అయిందనుకోండి. 8.7 ఆంప్స్ దాని గుండా వెళ్తే సుమారు 22 వాట్ల వేడి పుడుతుంది.

22 వాట్లేనా అనిపిస్తుంది. ఇంజనీరింగ్ ల్యాబ్‌లో సీసం కరిగించడానికి వాడిన సోల్డరింగ్ ఐరన్ గుర్తుందా? అది 25 వాట్లు. అంటే వంటగది గోడలో, ప్లాస్టిక్ డబ్బా లోపల, గాలి ఆడని చోట ఒక సోల్డరింగ్ ఐరన్ ఆన్ చేసి వదిలేసినట్టు. ఆ వదులు దగ్గర వోల్టేజీ తగ్గేది మూడు వోల్టులు కూడా ఉండదు కాబట్టి స్టవ్ మామూలుగానే పనిచేస్తుంది. వెళ్లే కరెంటు కూడా మామూలే కాబట్టి ఎంసీబీకి అనుమానం రాదు.

ఎంసీబీ పని గోడలోని వైరుని కాపాడటం. కరెంటు పరిమితి దాటినా, షార్ట్ సర్క్యూట్ అయినా అది పడుతుంది. అది మనిషిని కాపాడదు. 6 ఆంప్స్ ఎంసీబీ పడాలంటే 6,000 మిల్లీఆంప్స్ దాటాలి. మనిషి గుండె లయ తప్పడానికి కొన్ని పదుల మిల్లీఆంప్స్ చాలు. తడి చేతులతో ఉన్న మనిషి ఒంటి నిరోధం వెయ్యి ఓమ్‌ల దాకా పడిపోతుంది. అప్పుడు 230 వోల్టులు తగిలితే ఒంట్లోంచి వెళ్లేది 230 మిల్లీఆంప్స్. ఎంసీబీ దృష్టిలో అది ఒక చిన్న బల్బు లోడ్.

మనిషి కోసం ఉన్నది ఆర్‌సీసీబీ. పాత అలవాటు కొద్దీ ఈఎల్‌సీబీ అని కూడా అంటారు. ఫేజులో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా లేదా అని అది ఎప్పుడూ లెక్క చూస్తుంటుంది. తేడా వచ్చిందంటే ఆ కరెంటు ఎవరి ఒంట్లోంచో, ఏ తడి గోడలోంచో భూమిలోకి పోతోందని అర్థం. ఇళ్లకి వాడేది 30 మిల్లీఆంప్స్ రకం. తేడా అంత వచ్చేసరికి సెకనులో మూడో వంతు కూడా పట్టకుండా సప్లై ఆపేస్తుంది. దీనికీ ఒక హద్దుంది. ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుని, కాళ్లు భూమికి తగలకుండా ఉంటే ఆర్‌సీసీబీ కూడా మనల్ని ఒక బల్బే అనుకుంటుంది. కాబట్టి అది ఉంది కదా అని ధైర్యం చేసి బోర్డులో చేయి పెట్టకూడదు.

మా ఫ్లాట్‌లో ఏం జరిగిందంటే

మేం ముగ్గురం కలిసి హైదరాబాద్‌లో ఫ్లాట్ తీసుకున్నాం. చేరేటప్పటికే వంటగది సాకెట్ నల్లగా ఉంది. ఓనర్ అంకుల్‌కి ఫోన్ చేస్తే, "మీకన్నా ముందున్నోళ్లు మూడేళ్లు వాడారు బాబూ, ఏం కాలేదు" అన్నారు. మా రూమ్మేట్ అప్పటికే షాపుకెళ్లి కొత్త 16 ఆంప్స్ సాకెట్ తెచ్చేశాడు. "మామా, పది నిమిషాల పని, చిన్నది పీకి పెద్దది పెట్టేద్దాం" అని వాడి వాదన. వీడియో కూడా చూశాడు.

కాలనీలో పనిచేసే ఎలక్ట్రీషియన్ అన్నని ఒకసారి చూడమని పిలిచాం. ఆయన మెయిన్ ఆపి, ప్లేటు ఊడదీసి, వైరు మీద అచ్చువేసిన అక్షరాలు టార్చి వేసి మాకు చూపించాడు.

"తమ్మీ, గిది ఒక ఎంఎం వైరు. పెద్ద సాకెట్ నేను పెట్టను. పెట్టినా అనుకో, పెద్దదుంది గదా అని మీరు ధైర్యంగ స్టవ్ పెడతరు. అప్పుడు కాలేది సాకెట్ గాదు, గోడల వైరు. సాకెట్ కాలితే మీకు కనవడ్తది. గోడల కాలితే ఎవ్వరికి కనవడ్తది?"

ఈ కాలమ్ మొత్తంలో ఒక్క మాటే గుర్తుపెట్టుకోవాలంటే అది ఆ అన్న మాటే. సాకెట్ సామర్థ్యం అంటే సాకెట్ ఒక్కదాని సామర్థ్యం కాదు. డీబీ బాక్సులోని ఎంసీబీ, గోడలోని వైరు, చివర సాకెట్ మూడూ కలిస్తేనే సామర్థ్యం. మామూలుగా లైట్లు, ఫ్యాన్లకి 1 లేదా 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేస్తారు. 16 ఆంప్స్ పాయింట్‌కి 2.5 వేస్తారు. ఏసీ, పెద్ద గీజర్ లాంటివాటికి 4 వేస్తారు. ఆ సైజు వైరు మీదే అచ్చువేసి ఉంటుంది.

ఆ అన్న కాగితం మీద లెక్క రాసిచ్చాడు. డీబీ నుంచి వంటగదికి 2.5 వైరు కొత్తగా లాగడం, దానికి విడిగా ఒక ఎంసీబీ, చివర 16 ఆంప్స్ సాకెట్. నల్లబడిన సాకెట్, ఆ కాగితం రెండూ ఫొటోలు తీసి అంకుల్‌కి వాట్సాప్‌లో పంపాం. "అంకుల్, ఇది మా వంట గురించి కాదు, మీ ఇంటి గురించి. మేం రేపు ఖాళీ చేసినా ఆ వైరు మీ గోడలోనే ఉంటుంది" అని రాశాం. సాయంత్రానికి సగం ఆయన, సగం మేం అని తేలింది. పని అయ్యేదాకా ఆ పాయింట్ ఎంసీబీ ఆఫ్ చేసి దాని మీద టేపు వేసేశాం. నాలుగు రోజులు బయట తిన్నాం.

చట్టం ఎంతవరకు ఒప్పుకుంటుంది?

మన దేశంలో విద్యుత్ భద్రత నిబంధనలు ఒక గీత గీశాయి. బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చు, ఫిట్టింగుల్లాంటివి అదే సామర్థ్యంలో కొత్తవి పెట్టుకోవడానికి మినహాయింపు ఉంది. సామర్థ్యం మారినా, కొత్త లైన్ లాగినా, కొత్త పాయింట్ పెట్టినా అది లైసెన్సున్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ పని. తేలిక మాటల్లో చెప్పాలంటే 6 తీసి 6 పెట్టడం, 16 తీసి 16 పెట్టడం వరకే మన పని. 6 తీసి 16 పెట్టడం మన పని కాదు.

కాబట్టి ఇక్కణ్నుంచి చెప్పేది పాత సాకెట్ తీసేసి అదే రకం కొత్తది పెట్టుకోవడం గురించి మాత్రమే.

కరెంటు ఆపడం అంటే స్విచ్ ఆపడం కాదు

సాకెట్ పక్కనున్న స్విచ్ ఆపేస్తే సరిపోతుందనుకుంటే పొరపాటు. స్విచ్ దాకా వచ్చే ఫేజు వైరు ఆ డబ్బాలోనే ఉంటుంది, దాన్ని స్విచ్ ఆపదు. కొన్ని ఇళ్లలో స్విచ్‌ని ఫేజుకి బదులు న్యూట్రల్‌కి కలిపేస్తారు. అప్పుడు స్విచ్ ఆపినా సాకెట్లో 230 వోల్టులు అలాగే ఉంటాయి.

ఆ గది ఎంసీబీ ఒక్కటే ఆపినా చాలదు. ఒకే బోర్డులోకి లైట్ల లైను ఒక ఎంసీబీ నుంచి, ప్లగ్గుల లైను ఇంకో ఎంసీబీ నుంచి రావచ్చు. త్రీ ఫేజ్ ఉన్న ఇంట్లో రెండు వేర్వేరు ఫేజులు కూడా ఒకే బోర్డులో కలవొచ్చు. వాటి మధ్య వోల్టేజీ 400 దాకా ఉంటుంది. అందుకే మెయిన్ ఆపండి.

ఇక మన ఇళ్లలో అందరూ మర్చిపోయేది ఇన్వర్టర్. మెయిన్ ఆపగానే అది కరెంటు పోయిందనుకుంటుంది. వెంటనే బ్యాటరీ నుంచి 230 వోల్టులు పంపడం మొదలుపెడుతుంది. మీరు మెయిన్ ఆపేశాను కదా అని ధీమాగా ప్లేటు విప్పుతుంటారు, పక్కనున్న ఫ్యాను లైనులో మాత్రం కరెంటు ఉంటుంది. కాబట్టి ఇన్వర్టర్‌ని దాని స్విచ్ దగ్గర ఆపాలి, దాని ప్లగ్గు కూడా తీసేయాలి. దాని ఔట్‌పుట్‌కి విడిగా ఎంసీబీ ఉంటే అదీ ఆపాలి. ఏ లైను ఎక్కడికి పోతుందో తెలియని ఇల్లయితే ఈ పని మొదలుపెట్టకండి.

మెయిన్ ఆపాక ఇంట్లో అందరికీ చెప్పండి. డీబీ మీద "పని జరుగుతోంది, ఆన్ చేయొద్దు" అని కాగితం అంటించండి. నాన్న టీవీ కోసమో, నానమ్మ మోటారు కోసమో మెయిన్ ఆన్ చేస్తే ఆ క్షణంలో మీ వేళ్లు వైర్ల మీద ఉంటాయి.

ఆ తర్వాత టెస్టర్‌తో మూడుసార్లు చూడాలి. మొదటిది, మెయిన్ ఆపకముందు, కరెంటు ఉన్న సాకెట్లో పెట్టి టెస్టర్ వెలుగుతోందా అని చూడటం. రెండోది, మెయిన్ ఆపాక మనం పనిచేసే సాకెట్ మూడు రంధ్రాల్లో చూడటం. సాకెట్ స్విచ్ ఆన్‌లో పెట్టి ఒకసారి, ఆఫ్‌లో పెట్టి ఒకసారి చూడాలి. ప్లేటు విప్పాక ప్రతి వైరు స్క్రూ దగ్గరా చూడాలి. మూడోది, టెస్టర్ ఇప్పటికీ బాగానే ఉందా అని తేల్చుకోవడం. మెయిన్ ఆపేశాం కాబట్టి దీనికి ఇంట్లో సప్లై ఉండదు, మెట్ల దగ్గరి కామన్ సాకెట్లో చూసుకోవచ్చు. చెడిపోయిన టెస్టర్ కూడా వెలగదు, కరెంటు లేని వైరు దగ్గరా వెలగదు. ఆ రెండింటికీ తేడా తెలియకపోతే టెస్ట్ చేసి లాభం లేదు.

ఇప్పుడు పని

కావాల్సిన సామాను కొంచెమే. మంచి టెస్టర్, ఇన్సులేషన్ పిడి ఉన్న స్క్రూ డ్రైవర్లు, కటింగ్ ప్లేయర్, వైర్ స్ట్రిప్పర్, ఇన్సులేషన్ టేపు. ఫోన్ టార్చి కాకుండా విడిగా ఒక టార్చి ఉంటే మంచిది. కాళ్లకి పొడి రబ్బరు చెప్పులు వేసుకోండి. ఉంగరం, వాచీ, చేతి గొలుసు తీసేయండి. కొత్త సాకెట్ మీద ఐఎస్‌ఐ గుర్తు, ఐఎస్ 1293 అనే నంబరు ఉండాలి. రంధ్రాలకి లోపల మూత, అంటే షటర్ ఉన్న రకం తీసుకోండి. చిన్న పిల్లలు పిన్నీసు దూర్చినా ఆగుతుంది.

ప్లేటు పక్కన చిన్న గాడి ఉంటుంది. అక్కడ స్క్రూ డ్రైవర్ పెట్టి మెల్లగా లేపితే పైప్లేటు ఊడుతుంది. లోపలి స్క్రూలు విప్పి బోర్డుని మెల్లగా ముందుకి లాగండి. వైర్లు ముట్టుకోకముందే ఫొటో తీయండి. పాత కోడ్ బ్యాకప్ లేకుండా ఎవరూ మార్చరు కదా, ఇదీ అంతే. ఏ వైరు ఏ స్క్రూలో ఉందో చిన్న టేపు ముక్క మీద రాసి అంటించండి.

మన దగ్గర మామూలుగా ఎరుపు, పసుపు, నీలం ఫేజుకి, నలుపు న్యూట్రల్‌కి, ఆకుపచ్చ ఎర్తుకి వాడతారు. కానీ రంగుని నమ్మొద్దు. మిగిలిపోయిన ముక్కతో లాగేసినవాళ్లు బోలెడుమంది. సాకెట్ వెనక అక్షరాలు ఉంటాయి. ఎల్ అంటే ఫేజు, ఎన్ అంటే న్యూట్రల్, ఎర్తుకి మూడు గీతల గుర్తో, ఇ అనే అక్షరమో ఉంటుంది. ముందు నుంచి చూస్తే పైన పెద్ద రంధ్రం ఎర్తు, కుడివైపు ఫేజు, ఎడమవైపు న్యూట్రల్. వెనక నుంచి చూస్తే కుడి ఎడమలు తారుమారవుతాయి. అందుకే చేతివైపు కాకుండా అక్షరాన్ని చూసి బిగించాలి.

పాత వైరు చివర నల్లబడితే ఆ ముక్క కత్తిరించి, మెరిసే రాగి కనిపించేదాకా వెనక్కి రావాలి. సుమారు 10 మిల్లీమీటర్లు మాత్రమే తొక్క తీయండి. పోగులన్నీ కలిపి మెలితిప్పి స్క్రూ రంధ్రంలోకి పూర్తిగా దూర్చండి. ఒక్క పోగు కూడా బయట ఉండకూడదు, తొక్క స్క్రూ కింద నలగకూడదు. గట్టిగా బిగించాక ప్రతి వైరునీ చేత్తో లాగి చూడండి. ఊడి వస్తే అది బిగించినట్టు కాదు. సగం సాకెట్లు కాలేది ఈ ఒక్క లాగుడు పరీక్ష ఎగ్గొట్టడం వల్లే అని మా అన్న అంటుంటాడు.

వైర్లు నలగకుండా మడిచి లోపలికి తోసి, ప్లేటు బిగించాకే మెయిన్ ఆన్ చేయాలి. ఇప్పుడు సాకెట్ స్విచ్ ఆన్ చేసి టెస్టర్‌తో చూడండి. కుడి రంధ్రంలో మాత్రమే వెలగాలి. ఎడమలో వెలిగితే ఫేజు, న్యూట్రల్ తారుమారయ్యాయి. పై రంధ్రంలో వెలిగితే వెంటనే మెయిన్ ఆపేయండి, అది ప్రాణం మీదికొచ్చే తప్పు. స్విచ్ ఆఫ్ చేస్తే ఎక్కడా వెలగకూడదు. కుడిలో ఇంకా వెలుగుతుంటే స్విచ్ న్యూట్రల్ మీద ఉందని అర్థం. అన్నీ సరిగ్గా ఉంటే, ఆ సాకెట్‌కి తగిన లోడ్ పావుగంట నడిపి చూడండి. స్విచ్ ఆపి, ప్లగ్గు ప్లాస్టిక్ భాగం ముట్టుకోండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. చేయి పెట్టలేనంత వేడిగా ఉంటే ఇంకా ఎక్కడో వదులుంది.

ఆ పై రంధ్రం ఎందుకు?

లోహపు మూత ఉన్న లాప్‌టాప్ ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు దాని మీద చేయి జారిస్తే గరగరలాడినట్టు అనిపిస్తుంది కదా. రెండు పిన్నుల ఛార్జర్‌లోని ఫిల్టర్ కెపాసిటర్ల గుండా వచ్చే అతి చిన్న లీకేజీ అది. దానివల్ల మామూలుగా ప్రమాదం లేదు. ఎర్తు ఉన్న మూడు పిన్నుల తీగ పెడితే పోతుంది. ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, గీజర్ కుళాయి ముట్టుకున్నప్పుడు జివ్వుమంటే మాత్రం దాన్ని అలా వదిలేయకూడదు. లోపల ఎక్కడో ఇన్సులేషన్ పోయి, ఎర్తు కూడా పనిచేయడం లేదని అది చెబుతోంది.

ఊళ్లో అమ్మానాన్నలున్న ఇల్లు ఒక్కసారి తలచుకోండి. ఎండాకాలం ఇనప కూలర్, దాని నిండా నీళ్లు, కింద తడి నేల, గోడకి రెండు వైర్ల పాత సాకెట్. కూలర్ బాడీకి ఫేజు తగిలితే ఆ కరెంటు పోవడానికి ఎర్తు వైరు ఉండాలి. అది లేకపోతే, నీళ్లు పోయడానికి బిందెతో వచ్చిన అమ్మ గుండానే పోతుంది. ఇంటి వెనక ఎర్తు గుంత ఉంటే ఎండాకాలంలో దాంట్లో నీళ్లు పోయాలి. ఉప్పు, బొగ్గు వేసి గుంత కట్టేది మట్టిలో తేమ నిలవడానికే. నీళ్లు పోసే ముందు కూలర్ ప్లగ్గు తీసేయడం అమ్మకి అలవాటు చేయండి.

ఇంకో పాడు అలవాటుంది. ఎర్తు వైరు లేని చోట కొందరు సాకెట్ వెనక న్యూట్రల్ నుంచి ఎర్తు స్క్రూకి చిన్న తీగ ముక్క కలిపేస్తారు. మూడు పిన్నులూ పనిచేసినట్టే కనిపిస్తాయి. ఎప్పుడైనా ఆ న్యూట్రల్ తెగితే, వస్తువు లోపలి నుంచి ఫేజు తిరిగొచ్చి ఆ తీగ ముక్క ద్వారా బాడీ మొత్తానికి 230 వోల్టులు ఎక్కుతాయి. ప్లేటు విప్పినప్పుడు అలాంటి తీగ కనిపిస్తే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి సరైన ఎర్తు వేయించండి. అప్పటిదాకా ఇనప బాడీ ఉన్న వస్తువు ఏదీ ఆ సాకెట్లో పెట్టొద్దు.

ఇక్కడ ఆగిపోండి

ప్లేటు విప్పాక ఇవి కనిపిస్తే అంతే జాగ్రత్తగా మూసేసి, ఆ లైను ఎంసీబీ ఆఫ్‌లోనే ఉంచి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. వైరు రాగిది కాకుండా తెల్లటి అల్యూమినియం అయితే. తొక్క ముట్టుకోగానే పొడిపొడిగా రాలుతుంటే. డబ్బాలో తడి ఉంటే. ఏ వైరు ఎక్కడికి పోతుందో అర్థం కాకపోతే. మెయిన్ ఆపినా టెస్టర్ వెలుగుతుంటే. కాలిన మరక సాకెట్ దాటి గొట్టంలోకి వెళ్లి ఉంటే. బాత్రూమ్ పాయింట్లు, గీజర్, ఏసీ అసలు విప్పొద్దు.

ఎంసీబీ మాటిమాటికి పడుతోందని దాని బదులు పెద్దది పెట్టించొద్దు. 10 ఆంప్స్‌ది తీసి 32 పెడితే పడటం ఆగుతుంది నిజమే. ఆ తర్వాత ముందుగా కరిగేది గోడలో వైరు. వచ్చిన ఎలక్ట్రీషియన్ అలా పెడతానంటే, "వద్దన్నా, ఎందుకు పడుతోందో ముందు చూడు" అనండి.

ఎవరికైనా షాక్ కొట్టి వైరుకి అతుక్కుంటే చేత్తో లాగొద్దు. మెయిన్ ఆపండి. మెయిన్ దూరంగా ఉంటే పొడి కర్రతోనో, పొడి ప్లాస్టిక్ కుర్చీతోనో వేరు చేయండి. 108కి ఫోన్ చేయండి. మనిషి పలకకుండా, మామూలుగా ఊపిరి తీయకుండా ఉంటే ఛాతీ మధ్యలో రెండు అరచేతులు ఒకదాని మీద ఒకటి పెట్టి నొక్కడం మొదలుపెట్టండి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ప్రతిసారీ రెండు అంగుళాల లోతు, అంబులెన్స్ వచ్చేదాకా. షాక్ కొట్టి వదిలేసినా, మనిషి బాగానే ఉన్నట్టు కనిపించినా డాక్టర్‌కి చూపించండి. సాకెట్ అంటుకుంటే నీళ్లు పోయొద్దు, ముందు మెయిన్ ఆపాలి. కరెంటు స్తంభం దగ్గరో, సర్వీసు వైరులోనో తేడా ఉంటే 1912కి ఫోన్ చేయండి.

ఈ ఆదివారం మూడు చిన్న పనులు చేయండి. ఇంట్లో ఉన్న కన్వర్షన్ ప్లగ్గులన్నీ ఏరి, వాటికి తగిలించిన వస్తువుల వాట్లని 230తో భాగించండి. గట్టిగా వాడే ప్రతి సాకెట్ చుట్టూ మరక ఉందా, ప్లగ్గు వదులుగా ఊగుతోందా చూడండి. తర్వాత డీబీ బాక్సు తెరిచి ఆర్‌సీసీబీ మీద టీ అని రాసిన చిన్న బటన్ నొక్కండి. టక్కున పడితే మళ్లీ పైకి లేపి, నెలకోసారి ఇలాగే నొక్కండి. పడకపోతే, లేదా మీ డీబీలో ఆ బటనే లేకపోతే, సోమవారం పొద్దున మొదటి ఫోన్ ఎలక్ట్రీషియన్‌కి. ఆ తర్వాత ఊళ్లో నాన్నకి ఫోన్ చేసి, అక్కడి మీటర్ బోర్డులో ఏముందో ఫొటో తీసి పంపమనండి.